బెల్లం సీమలో బొమ్మల ఊరు

విశాఖపట్నం చూడ్డానికి వెళ్ళిన జంట రెండో రోజు పొద్దున్నే అరకు రైలెక్కడం ఆనవాయితీ. ఆ రైలన్నా, దారిలో వచ్చే సొరంగాలన్నా నాకూ ఇష్టమే. కానీ సెలవు సంక్రాంతి చుట్టుపక్కల దొరికితే మాత్రం బండిని అనకాపల్లి మీదుగా ఏటికొప్పాక వైపు తిప్పమంటాను. విశాఖ నుంచి 64 కిలోమీటర్లు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చూసిన దంపతులు ఆ మర్నాడు నాపా లోయకి పోయి ద్రాక్ష తోటల మధ్య కూర్చుని వైను రుచి చూస్తారు. మనవాళ్ళూ ఇప్పుడు అదే సరదాతో నాసిక్ వెళుతున్నారు. అనకాపల్లి జిల్లాలో ద్రాక్ష తోటలు లేవు గానీ చెరుకు తోటలున్నాయి. రుచి చూడ్డానికి బెల్లం ఉంది.

నగరానికి ఒక రోజు చాలు. రామకృష్ణా బీచ్, కైలాసగిరి ఎలాగూ చూస్తారు. కురుసుర జలాంతర్గామిని మాత్రం తొందరగా ముగించకండి. 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నౌకాదళంలోకి వచ్చి, 2001లో విరమించి, మరుసటి ఏడాది ఒడ్డున మ్యూజియంగా నిలబడింది. లోపల ఆలుమగలు పక్కపక్కన నడిచే వీలు లేదు, ఒకరి వెనక ఒకరు ఒంగి పోవాల్సిందే. అంత ఇరుకులో నెలల తరబడి ఎలా ఉన్నారో అని మా ఆవిడ అడుగడుగునా ఆశ్చర్యపోయింది. తొట్లకొండ బౌద్ధ శిథిలాల దగ్గర సాయంత్రం గడిపితే ఆ రోజుకి సరిపోతుంది.

మర్నాడు అసలు ప్రయాణం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. ఇక్కడి చెరుకు పరిశోధన కేంద్రం 1913 నాటిదంటే ఈ నేలకీ చెరుకుకీ ఉన్న బంధం ఎంత పాతదో ఊహించుకోవచ్చు. సీజన్లో చుట్టుపక్కల పల్లెల్లో బెల్లం వండుతుంటే ఆ వాసన రోడ్డు మీదికే వస్తుంది. గానుగాడిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, ఎండిన చెరుకు పిప్పినే పొయ్యిలో తోసి మరిగిస్తారు. కాస్త సున్నం వేస్తే మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తూ ఉండాలి. పాకం ముదిరిందో లేదో చూసే మనిషే అక్కడ పెద్ద. కొంచెం ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడు వాసన కొడుతుంది. గడియారంతో పని లేదు, బుడగల తీరు చూసి చెప్పేస్తాడు.

రుచి చూసేటప్పుడు రంగుకి మోసపోకండి. పసుపు తిరిగి మెరిసిపోయే దిమ్మ కొనేవాళ్ళకి ఎక్కువ నచ్చుతుంది కాబట్టి, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉంది. నా ఓటు ముదురు గోధుమ రంగు బెల్లానికే. నాలుక మీద పెట్టగానే ముందు తీపి, ఆ వెనక సన్నగా ఉప్పదనం, చివర్న పచ్చి చెరుకు వాసన. ఒకే పూట రెండు మూడు చోట్ల తిని చూస్తే తేడా తెలిసిపోతుంది. మరీ నల్లబెల్లానిది వేరే కథ. నాటుసారా కాచేవాళ్ళకి అది ముడిసరుకు కనుక దాని అమ్మకం మీద ప్రభుత్వం చాలాసార్లు కన్నేసింది. వైను సరదాతో బయల్దేరిన వాళ్ళకి మనవైపు దొరికే దూరపు చుట్టరికం ఇదొక్కటే, దాన్ని కలుపుకోకపోవడమే మంచిది! తీపి ఇంకా కావాలంటే చోడవరం దాటి మాడుగుల వెళ్ళాలి. గోధుమపాలు తీసి, నేతితో గంటల తరబడి కలియబెట్టి చేసే అక్కడి హల్వాకి వందేళ్ళు దాటిన పేరుంది.

అనకాపల్లి నుంచి జాతీయ రహదారి మీద ఎలమంచిలి దాటి, అడ్డరోడ్డు దగ్గర పక్కకి తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. దగ్గర్లోనే ఎస్.రాయవరం. 'కన్యాశుల్కం' రాసిన గురజాడ 1862లో పుట్టింది అక్కడే. ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. దేశంలోనే తొలితరం సహకార కర్మాగారం అది. ఈ మధ్య ఏళ్ళలో ఉత్తరాంధ్ర సహకార చక్కెర మిల్లులన్నీ కష్టాల పాలయ్యాయి. ఈ ఊరి పేరు నిలబెడుతున్నవి ఇప్పుడు బొమ్మలే.

లక్కపిడతలతో ఆడుకోని తెలుగు ఆడపిల్లలు ఒక తరం వెనక లేరంటే అతిశయోక్తి కాదు. బుల్లి పొయ్యి, బుల్లి బిందె, తిరగలి, రోలు, రోకలి... ఇల్లంతా అరచేతిలో పట్టేస్తుంది. అవి అంకుడు కర్రతో చేసినవి. మెత్తని కర్ర, పొరలు లేవకుండా నున్నగా తెగుతుంది. బాగా ఆరబెట్టిన ముక్కని లేతుకి బిగించి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాంటి మెరుపొస్తుంది. ఆ చివరి క్షణం చూడటం కోసమైనా కార్ఖానాలో ఓ గంట కూర్చోవాలి. దుకాణంలో బొమ్మ కొనుక్కుని వెళ్ళిపోతే సగం ప్రయాణం వృథా.

ఒకప్పుడు ఈ బొమ్మలకి రసాయన రంగులు పట్టాయి. పిల్లలు బొమ్మని ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా! ఈ ఊరివారే అయిన సి.వి.రాజు మళ్ళీ పసుపు, నీలి, జాఫ్రా గింజల లాంటి ప్రకృతి రంగుల వైపు కళాకారుల్ని మళ్ళించారు. ఆ కృషికే 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవీ ఇవే. ఇంత పేరు వచ్చినా అంకుడు కర్ర దొరకడం మాత్రం ఏటికేడు కష్టమవుతోంది. కొండల్లో చెట్టు తరిగిపోతే లేతు తిరగదు. శకటాల కంటే ముందు అంకుడు మొక్కలు నాటించాల్సిందని నా అభిప్రాయం.

జంటగా వెళ్ళినవాళ్ళు కుంకుమ భరిణె కొనుక్కోవడం రివాజు. దాంతో పాటు ఒక లక్కపిడతల సెట్టు కూడా తీసుకోండి, పిల్లలు లేకపోతే బొమ్మల కొలువుకి పనికొస్తుంది. కొనేముందు ప్రకృతి రంగులేనా అని అడిగి, రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పసుపుతో వచ్చిన పసుపుపచ్చ కొంచెం మెత్తగా కనిపిస్తుంది. ధర దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకండి.