అమ్మీ నడిచే నేల

మన ఇళ్లల్లో కట్టడం పని అయిపోయాక, పైసలు కూడా దాదాపు అయిపోయాక మిగిలే పని ఒకటుంటుంది. గేటు నుంచి దర్వాజా దాకా నేల. కారు పెట్టేది అక్కడే, పిల్లలు సైకిల్ తొక్కేది అక్కడే, ఈద్ రోజు మెహమాన్లు చెప్పులు విడిచేది అక్కడే. అయినా దాని గురించి మష్వరా మాత్రం అన్నిటికన్నా ఆఖర్న జరుగుతుంది. మిగిలిన టైల్స్ ఏవో పరిచేద్దాంలే అంటారు.

మా ఇంట్లో అలా అనడానికి వీల్లేకపోయింది. అమ్మీ తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయి, వాకర్ పట్టుకుని మళ్లీ నడక నేర్చుకుంటున్న రోజులవి. ఆమె పడింది సరిగ్గా ఆ నేల మీదే. ఫజర్ నమాజ్ అయ్యాక పాల ప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్లి జారింది.

మాది కడప. గేటు నుంచి మెట్టు దాకా 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగా. అబ్బా ఉన్నప్పుడు పరిపించిన కడప బండలు ఏళ్ల తరబడి కాళ్లు పడి పడి నున్నగా అయిపోయాయి. వానొస్తే జారుడు. మే నెలలో నల్లబండ మీద కాలు పెడితే చుర్రుమనేది. అక్కడక్కడా పొరలు లేచి వాకర్ కాళ్లకు తగిలేవి. మార్చక తప్పదని అందరం ఒప్పుకున్నాం. ఏం వేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

భాయిజాన్ కువైట్‌లో ఉంటాడు. పైసలు పంపేది తనే కాబట్టి తన మాటకు వజన్ ఎక్కువ. "మెరిసే గ్రానైట్ వేయించు. బిటియా నిఖా దగ్గర పడుతోంది. సమ్ధీవాళ్లు గేటు దాటి లోపలికి అడుగు పెడితే ఇజ్జత్‌గా ఉండాలి" అన్నాడు ఫోన్లో. స్పీకర్ ఆన్‌లో ఉంది. మంచం మీద నుంచి అమ్మీ గట్టిగా అంది: "నక్కో బేటా. దాంట్లో మొహం చూసుకోవాలా, దాని మీద నడవాలా?"

భాయిజాన్ కాసేపు మాట్లాడలేదు. తనకు ఇంటి ముందు అందంగా ఉండాలన్న షౌఖ్ ఉంది, అది తప్పు కాదు. నాకు మాత్రం ఒకటే ఫికర్. అమ్మీ రెండోసారి పడకూడదు.

ఇంక వెతకడం మొదలుపెట్టాను. పేవర్ బ్లాకులు అయితే కింద మట్టి దిగినచోట ఒకటి కుంగుతుంది, ఇంకొకటి లేస్తుంది. ఆ ఎగుడుదిగుడే వాకర్‌కు దుష్మన్. పార్కింగ్ టైల్స్ గరుకుగానే ఉంటాయి, కానీ కింద బోలుగా ఉంటే కారు చక్రం కింద పగులుతాయి. ఉత్త సిమెంటు నేల మీద చీపురు గీతలు వేయిస్తే జారదు, ఖర్చూ తక్కువే. కానీ "గోడౌన్ లాగుంటుంది" అని భాయిజాన్ బేజారయ్యాడు.

అప్పుడు మా మేస్త్రీ అన్నే చెప్పాడు, గులకరాళ్లు పైకి కనిపించే కాంక్రీటు గురించి. ఎక్స్‌పోజ్డ్ ఆగ్రిగేట్ అంటారు. "పాత కాంపౌండు గోడలకు గ్రిట్ వాష్ చూళ్లేదా అక్కా? ఆ గోడను పడుకోబెట్టినట్టే ఇది" అన్నాడు. నిజమే. సన్నరాళ్లు కలిపిన సిమెంటు పూసి, పూర్తిగా బిగియకముందే బ్రష్షుతో, నీళ్లతో కడిగితే రాళ్లు బయటికి తేలే ఆ గోడలు మా స్కూల్లోనూ ఉండేవి. నేలకైతే కాంక్రీటు పోసి, దాని మీద గులకరాళ్లు దగ్గరదగ్గరగా చల్లి, చెక్క పలకతో తట్టి లోపలికి దించుతారు. పైనున్న పల్చటి సిమెంటు పాలను సరైన వేళకు కడిగేస్తారు. రంగు రాయిదే, పెయింట్ కాదు కాబట్టి ఎండకు వెలిసిపోదు. గరుకు రాయి వల్లే వస్తుంది కాబట్టి వానకు జారదు.

కానీ ఏ రాయి? ఇక్కడ నేను అందాజా మీద పోలేదు. రెండడుగుల చదరం పలకలు మూడు పోయించాను, రాయి సైజు మార్చి మార్చి. ఆరాక అమ్మీని వాకర్‌తో వాటి మీద నిలబెట్టాం. 20 ఎం.ఎం. రాయి మీద వాకర్ రబ్బరు కాళ్లు ఊగాయి. మిల్లులో కొట్టిన కంకర పలక మీద చెప్పు తీసి కాలు పెట్టి "ముళ్లున్నాయి" అంది. 10 ఎం.ఎం. లోపు గుండ్రటి రాళ్ల మీద కుదురుగా నిలబడింది. "ఇది బాగుంది, కాలికి మాలిష్ చేసినట్టుంది" అని నవ్వింది. ఆపరేషన్ అయ్యాక అమ్మీ నవ్వడం అదే మొదటిసారి అనిపించింది నాకు.

అయినా మేస్త్రీ అన్న ఒక మాట అన్నాడు. వాకర్‌కు ఎంత చదునుగా ఉంటే అంత నయం, ఒక పక్క మూడడుగుల పట్టీ ఉత్త కాంక్రీటుతో, చీపురు గీతలతో ఉంచుదాం అని. అలా తొమ్మిదడుగులు గులకరాళ్లు, మూడడుగులు అమ్మీ రాస్తా. తెలుపు, తేనె రంగు కలిసిన రాళ్ల ఫొటో పంపితే భాయిజాన్ "మాషా అల్లాహ్, ఖూబ్‌సూరత్‌గా ఉంది" అని ఒప్పుకున్నాడు.

మీలో ఎవరైనా వేయించుకుంటే పనికొస్తుందని హిసాబ్ రాస్తున్నాను. పాత బండలు తీసి, మట్టి తడిపి దిమ్మిస చేయించి, కింద కంకర పరిపించాం. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు. 300 చదరపు అడుగులకు 100 ఘనపుటడుగులు అవుతుంది. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర చొప్పున కలిపితే 23 బస్తాల దాకా సిమెంటు పడుతుంది. నీళ్లు బస్తాకు 25 లీటర్లు మించనివ్వలేదు. పల్చగా కలిపితే పోయడం సులువే, కానీ నేల మజ్బూత్‌గా ఉండదు, చల్లిన రాళ్లు మునిగిపోతాయి. గులకరాళ్లను ముందే మట్టి పోయేదాకా కడిగించాను. మట్టి ఉంటే సిమెంటు పట్టదు. తుప్పు రంగు రాళ్లు ఏరి పక్కన పడేశాం, ఇనుమున్న రాయి తర్వాత మరకలు వదులుతుంది.

కాంక్రీటు ఎలాగూ ఎక్కడో చోట చీలుతుంది. ఆ చీలేది ఎక్కడో మనమే ముందు చెప్పాలి. అబ్బా వేయించిన బండల్లోంచే 4 అంగుళాల పట్టీలు కోయించి, నిలువుగా పాతి మూడు గడులు చేశాం. వాలు 50 అడుగులకు ఒక అడుగు చొప్పున, అంటే మా 25 అడుగులకు 6 అంగుళాలు. నీళ్లు నిలవవు, వాకర్ పరుగెత్తదు. ఆ వాలు గేటు లోపలే పూర్తి కావాలని అమ్మీ జిద్దు. గేటు బయట కాలువ మీద ర్యాంపు కట్టి సగం వీధి మింగడం తనకు ఇష్టం లేదు. "రాస్తా మీద పైదల్ పోయేవాళ్లకు హఖ్ ఉంది" అంది.

జనవరిలో చల్లటి రోజులు చూసి రోజుకు ఒక గడి చొప్పున పోశారు. పొద్దున ఏడింటికి పోసిన గడిని జొహర్ అజాన్ వేళకు కడిగారు. ఈ పనిలో హునర్ అంతా ఆ వేళ పట్టుకోవడంలోనే ఉంది. మేస్త్రీ అన్న మాటిమాటికీ బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు గుర్తు పడకుండా, పైన పాలు మాత్రం బ్రష్షుకు ఊడి వచ్చేటప్పుడు మొదలుపెట్టాడు. తొందరపడితే రాళ్లు లేచి వస్తాయి. మా చుట్టాల ఇంట్లో అలాగే పల్లీలు ఊడినట్టు ఊడి వచ్చాయి. ఆలస్యమైతే సిమెంటు కదలదు. రాయి మూడో వంతుకు మించి బయటికి రాకూడదు, మిగతాది లోపల ఉంటేనే పట్టు. పెద్ద పనులకు పైన మందు చల్లుతారు, పైపొర ఆలస్యంగా బిగుసుకుంటుంది, మర్నాడు కూడా కడగొచ్చు. చక్కెర కూడా సిమెంటును అలాగే ఆపేస్తుందట. అందుకే నేను చాయ్ తెస్తే మేస్త్రీ అన్న మిల్లర్ దగ్గరికి గ్లాసు రానివ్వలేదు.

కడిగిన నీళ్లు వీధి కాలువలోకి వదల్లేదు. ఆ సిమెంటు పాలు కాలువలో గడ్డకట్టి పడోసీల ఇళ్ల ముందు నీళ్లు ఆపుతాయి. పెరట్లో గుంట తవ్వి దాంట్లోకి మళ్లించాం.

తర్వాత గోనెసంచులు కప్పి పది రోజులు తడిపాం. కారు మాత్రం 28 రోజులు ఎక్కనివ్వలేదు. ఆఖర్న సీలర్ దగ్గర భాయిజాన్ మళ్లీ షౌఖ్ పడ్డాడు, తడిసినట్టు మెరిసే రకం కావాలని. ఆ మెరుపు పైన పొరలా కూర్చుంటుంది, వాన పడితే అదే జారుతుంది. రాయిలోకి ఇంకిపోయి కంటికి కనపడని రకం వేయించాను. "ఇంత ఖర్చు పెట్టి మళ్లీ జారే నేలా భాయిజాన్?" అని అడిగితే, "సరే బహెన్, నువ్వున్నావుగా అక్కడ" అన్నాడు. ఆ మాటలో అలక ఉందో, తసల్లీ ఉందో నాకిప్పటికీ తెలీదు. దూరాన ఉండి పైసలు పంపేవాడికి ఇల్లంటే ఫొటోలో కనపడేదే కదా. వాడి మజ్బూరీ వాడిది.

ఇప్పుడు అమ్మీ మూడడుగుల పట్టీ మీద గేటు దాకా వెళ్తుంది, వాకర్ పక్కన పెట్టి గేటు పట్టుకుని నిలబడి కూరగాయల బండిని ఆపుతుంది. బేరం చేస్తుంది. ఆపరేషన్ తర్వాత ఆ పనులన్నీ మేం ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నాం, జాగ్రత్త పేరుతో.

మీ ఇంటి ముందు ఏది వేయించినా సరే, కేటలాగు తెరవకముందు ఇంట్లో అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లను అడగండి. వీలైతే రెండడుగుల పలక పోయించి, చెప్పులు తీసి దాని మీద నిలబడమనండి.