పూలమడికి అంచు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టాను, చెల్లెలి పెళ్ళి చేశాను, బతికి బట్టకట్టాను. ఇక నన్ను కదిలించగల కష్టమేదీ లేదనుకున్నాను. వాకిట్లో పూలమడికి అంచు కట్టి చూడమని ఆ పెద్దలు ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అంతుబట్టదు.

మాది బెల్లంపల్లి. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మా బాపు సింగరేణిలో టింబర్‌మన్. అంటే గనిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు అప్పజెప్పి నా ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక మల్లె అంటూ, ఒక తులసి మొక్కా వెంట తెచ్చుకున్నాడు. గేటు నుంచి గడపదాకా ఉన్న బాటకు ఇరువైపులా మడులు చేసి, ఆ రెండింటికీ తోడు మందారాలూ, నందివర్ధనాలూ పెంచాడు.

మొదటి వానకే కథ అడ్డం తిరిగింది. మాది నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది. మడిలో మన్ను బాటమీదికి, బాటమీది నుంచి గడపలోకి, గడప నుంచి వంటింట్లోకి ప్రయాణం కట్టింది.

"ఏదో ఒక అంచు కట్టించండి. లేదా రోజూ ఇల్లు మీరే తుడుచుకోండి" అంది మా ఆవిడ. మొదటిదే సులువనిపించింది.

తెలుగు ఎం.ఏ. చదివినవాడు ఏ పనైనా నిఘంటువుతోనే మొదలుపెడతాడు. "సద్గుణాలకు ఆలవాలం" అని క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను. ఆలవాలమంటే అసలు అర్థం చెట్టు మొదట్లో నీరు నిలవడానికి చేసే పాదు! అంటే అంచు అందానికి మాత్రమే కాదు. లోపలి నీటిని లోపల ఉంచాలి, మన్నును బయటికి పోనీయకూడదు. ఈ సంగతి మా ఆవిడకు ఉత్సాహంగా చెప్పాను. "మరి ఎప్పుడు కట్టిస్తారు?" అంది.

సలహాలకు కొదవేముంది! "ఆదిలాబాద్ అడవులంటేనే టేకు, టేకు చెక్క పాతించు" అన్నాడొక మిత్రుడు. బాపు నవ్వాడు.

"మన్నుల కర్ర పాతితే చెదలకు బువ్వ పెట్టినట్టే బిడ్డా. బాయిల దిమ్మె విరిగే ముందు చప్పుడన్న చేస్తది. చెదలు తింటె చప్పుడు గూడ రాదు."

సిమెంటు గట్టు పోయిద్దామంటే, నేల ఉబ్బినప్పుడల్లా పగులుతుందన్నాడు సుతారి. ప్లాస్టిక్ అంచులు మా ఊరి మే నెల ఎండకు వంకర్లు పోతాయి. జైపూర్ థర్మల్ కేంద్రం మాకు దూరమేమీ కాదు గనుక బూడిద ఇటుకలు చూశాను. వాటి రంగు చూసి మా ఆవిడ ముఖం కూడా అదే రంగుకు తిరిగింది.

"తాండూరు బండ నిలబెట్టించండి సార్" అన్నాడు మా కాలేజీలో ఒక లెక్చరరు. తాండూరు మాకు పక్క మండలమే! ఆదివారం స్కూటరెక్కి వెళ్ళి, అక్కడి టీకొట్టులో బండల వివరం అడిగాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "అది వికారాబాద్ జిల్లా తాండూరు సారూ. హైదరాబాద్ దాటి అవతల" అన్నాడు. నానార్థాలు బోధించేవాణ్ణి, ఒకే పేరుతో రెండు ఊళ్ళుండవచ్చునని తోచలేదు.

చివరికి కరీంనగర్ గ్రానైట్ గెలిచింది. ముదురు గోధుమరంగు రాయి, దేశదేశాలకు పోయే సరుకు. పెద్ద పలకలు కోయగా మిగిలిన పట్టీలు చౌకగా దొరికాయి. సుతారి వాటిని నున్నగా, జానెడు ఎత్తున నిలబెట్టాడు. ఇరుగుపొరుగు వచ్చి మెచ్చుకున్నారు. మా ఆవిడ మురిసిపోయింది. బాపు మాత్రం ఒకసారి చేత్తో తడిమి, "మంచిగనే ఉన్నది బిడ్డా" అని ఊరుకున్నాడు.

దీపావళికి ముందు ఒక రాత్రి కరెంటు పోయింది. గేటు వేశామో లేదో చూడబోయిన బాపు, అంచు తన్నుకుని పడిపోయాడు. మోకాలు చీరుకుపోయింది. మణికట్టు వాచింది. డాక్టరు ఎముక విరగలేదన్నదాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడు తెలిసింది, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు.

"చూసుకుని నడవకూడదా బాపూ?" అన్నాను, భయంతో వచ్చిన కోపంతో.

"బండ మన్నుల కలిసిపోయింది. నల్లదాంట్ల నల్లది దొర్కదు బిడ్డా" అన్నాడు. కాసేపాగి, "బాయిల గోడలకు సున్నం కొట్టేటోళ్ళు. బొగ్గు దుమ్ము అంటుకోకుంట సున్నపురాయి పొడి సల్లేటోళ్ళు. టోపీ లైటు ఎంత చిన్నదైనా ఆ తెలుపు మీద పడితే తొవ్వ కనిపించేది" అన్నాడు.

నాకు మా క్వార్టరు ముందరి ఇటుకల వరస గుర్తొచ్చింది. ఏటవాలుగా, రంపపు పళ్ళలా పాతిన ఇటుకలు. పండగ పండగకూ సున్నం వేసే పని నాది. అది అలంకారమే అనుకునేవాణ్ణి. రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి ఇంటికి వచ్చే మనిషికి అది గడపదాకా దారి చూపే గీత అని నలభై దాటాకగానీ తెలియలేదు. రాయిని ఎన్నుకునేముందు అందరినీ అడిగాను, ఆ బాటన రోజూ నడిచే మనిషిని తప్ప.

మర్నాడే గ్రానైట్ పీకించాను. బాపు వరండాలో కుర్చీ వేసుకుని ఇటుకలు తానే ఏరాడు. రెంటిని ఒకదానితో ఒకటి కొట్టి, ఖంగుమంటే ఉంచాడు, బొద్దుమంటే పక్కన పెట్టాడు. సరిగ్గా కాలని ఇటుక రెండు వానలకే పిండవుతుందట. ఏరినవాటిని నీళ్ళలో నానబెట్టి, అడుగున ఇసుక పోసి, సగం ఇటుక నేలలో ఉండేలా పాతించాడు. పల్లం వైపు రెండుచోట్ల నీరు పోవడానికి సందు విడిపించాడు. సున్నంలో కాస్త బంక కలిపింది ఆయనే, పూసింది నేను.

సంక్రాంతి దాటాక శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. ఇప్పుడు బాపుకు అంచు బాగానే కనిపిస్తుంది. అయినా పండగకు సున్నం వేయడం మానలేదు. గ్రానైట్ పట్టీలు పెరట్లో బట్టలుతికే బండలయ్యాయి.

ఇంటికి వచ్చినవాళ్ళు కొందరు, "ఇదేమిటి సార్, పాతకాలం ఆఫీసు వాకిలిలా ఉంది" అంటారు.

"చీకటిపడ్డాక ఒకసారి రండి" అంటాను.