ఎంపీ సారు లెటరు

ఎంపీ ఆఫీసుకు పోయే మనిషిని డిచ్‌పల్లిలో బస్సెక్కేటప్పుడే గుర్తుపట్టొచ్చు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, హైదరాబాద్ ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన ఖర్చుల అంచనా. సీట్లో కూర్చున్నాక కవరు ఒళ్లో పెట్టుకొని రెండు చేతులూ దాని మీద వేసుకుంటాడు. ఏం పని కాకా అని అడిగితే, "ఎంపీ సారు లెటరు కావాలె బిడ్డా, గదొక్కటి దొరికితే సాలు" అంటాడు.

ఆ లెటరును చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. పార్లమెంటు సభ్యుడి పని చట్టాలు చేయడం గానీ సిఫారసు ఉత్తరాలు రాయడమా అంటారు. నేను ఈ మాట ఒప్పుకోను. ప్రధానమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టిన రోగి కుటుంబానికి ఆ సంతకం ఒక ధైర్యం. మంజూరైన డబ్బు నేరుగా ఆసుపత్రికే పోతుంది, మధ్యలో ఎవరి చేతిలోనూ పడదు. గల్ఫ్‌లో మనిషి చనిపోతే ఆ లెటరు విలువ ఇంకా పెరుగుతుంది. నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో దుబాయికో మస్కట్‌కో మనిషిని పంపని వాడకట్టు ఉండదు. అక్కడ ఒకరు కన్నుమూస్తే మరణ ధ్రువపత్రం, కంపెనీ కాగితాలు, పాస్‌పోర్టు రద్దు, మన రాయబార కార్యాలయం అనుమతి అన్నీ అయితే గానీ శవపేటిక శంషాబాద్‌లో దిగదు. అరబ్బీ రాని, ఇంగ్లిషు రాని తల్లి ఆ కాగితాల వెంట ఎలా పడుతుంది? విదేశాంగ శాఖ 2015లో 'మదద్' అని ఆన్‌లైన్ ఫిర్యాదుల ఏర్పాటు చేసింది, మంచిదే. అయినా ఆ తల్లి ముందు వెతుక్కునేది మనిషినే. ఢిల్లీకి ఫోన్ చేసి "మా ఊరి పిలగాడు" అని చెప్పగలిగే మనిషిని.

ఇక ఎంపీ నిధుల సంగతి. సారు దగ్గర కోట్లుంటాయి, మన గల్లీకి సీసీ రోడ్డు వేయలేడా అని అడుగుతుంటారు. 1993 డిసెంబరులో మొదలైన ఈ పథకం కింద ఇప్పుడు ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి: ఆర్మూర్, బోధన్, బాల్కొండ, నిజామాబాద్ అర్బన్, డిచ్‌పల్లి ఉన్న నిజామాబాద్ రూరల్, కోరుట్ల, జగిత్యాల. ఓటర్లు దాదాపు 17 లక్షలు. తలా పంచితే ఒక్కొక్కరికి ముప్పై రూపాయలు కూడా రావు. పైగా ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పని సిఫారసు చేసేవరకే, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. కరోనా కాలంలో ఈ నిధులనే కేంద్రం ఆపేసింది. కాబట్టి ఒక ఎంపీని రోడ్లతో, కమ్యూనిటీ హాళ్లతో కొలవడం నాకు సరిగా తోచదు. ఆ పనికి సర్పంచు ఉన్నాడు, ఎమ్మెల్యే ఉన్నాడు.

ఢిల్లీలో తప్ప తేలని పనులు వేరే ఉన్నాయి. రైలు అలాంటిది. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ వచ్చే లైను 1990లలో మంజూరై, 2017లో గానీ పూర్తి కాలేదు. ఈ మధ్యలో ఎంతమంది ఎంపీలు మారారో! ఒకరు వేసిన ప్రశ్నను తర్వాతివాళ్లు అందుకోకపోతే ఆ లైను ఇంకా కాగితం మీదే ఉండేది.

పసుపు అంతకంటే పెద్ద కథ. ఆర్మూర్, బాల్కొండ, జగిత్యాల వైపు పసుపు వేసే రైతుకు అది ఎనిమిది, తొమ్మిది నెలల పంట. తవ్వి, కొమ్మూ మండా వేరు చేసి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు తెస్తే, ధర చెప్పేది మాత్రం కొనేవాడు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. అందుకే పసుపు బోర్డు పెట్టండి, గిట్టుబాటు ధర ఇవ్వండి అని రైతులు ఏళ్ల తరబడి అడిగారు. 2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద బైఠాయించారు. అయినా పని కాలేదు.

అప్పుడు వాళ్లు చేసిన పని దేశమంతా చూసింది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో వాళ్లే అభ్యర్థులయ్యారు. నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడితే అందులో 170 మందికి పైగా రైతులే. 25 వేల డిపాజిట్టు తిరిగి రాదని తెలిసే కట్టారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పట్టేవి 16 పేర్లు. కనుక 2019 ఏప్రిల్ 11న ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. ఆ యంత్రాల వరస నాకు అర్జీల వరసలాగే అనిపించింది. ప్రతి పేరూ ఒక దరఖాస్తు. తెలుగు నేల మీద ఇది కొత్త కాదు. 1996లో నల్లగొండలో 480 మంది పోటీ చేసి, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన తమ పల్లెల బాధను దేశానికి చూపించారు. అప్పుడు బ్యాలెట్టు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. గెలవడానికి కాదు, వినిపించడానికి నిలబడ్డ మనుషులు వాళ్లు. వాళ్ల మీద నాకున్న గౌరవం చాలా పెద్దది.

2019 నిజామాబాద్ ఎన్నికలో సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. బోర్డు వెంటనే రాలేదు. నాలుగేళ్లు గడిచాక, 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని మోదీ ప్రకటించారు. 2025 సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది, అంకాపూర్‌కు చెందిన పల్లె గంగారెడ్డి తొలి ఛైర్మన్ అయ్యారు. అదే ఏడాది జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. ఎవరి ఘనత ఎంత అని పార్టీలవాళ్లు వాదించుకోనీ. మొదటి ఘనత డిపాజిట్లు పోగొట్టుకున్న ఆ రైతులదే అని నేను నమ్ముతాను.

బస్సులో కవరు పట్టుకున్న కాకకూ, బ్యాలెట్ యూనిట్ మీద పేరెక్కిన రైతుకూ మధ్య దూరం ఎక్కువ లేదు. ఒకే రకం అర్జీ పదే పదే వస్తుంటే అది ఒక ఇంటి కష్టం కాదని ఎంపీకి తెలియాలి. గల్ఫ్ శవపేటికల కోసం లెటర్లు రాసి రాసి, వలస కార్మికుల చట్టం గురించి సభలో అడగని ఎంపీ సగం పనే చేసినట్టు. ఆసుపత్రి లెటర్లను సంతకం చేసి పంపడంతో సరిపెట్టక, ఏ ఊరి నుంచి ఏ జబ్బు ఎక్కువ వస్తోందో లెక్క తీయాలి. చట్టం చేసే పనికీ లెటరు రాసే పనికీ మధ్య గోడ కట్టినవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు.

2019లో రైతులు అడిగినవి రెండు: బోర్డు, ధర. బోర్డు వచ్చింది. ధర మిగిలింది. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బడ్జెట్ సమావేశాలు సాధారణంగా జనవరి చివర్లో మొదలవుతాయి, కొత్త పసుపు యార్డుకు వచ్చే కాలమూ దాదాపు అదే. అంటే పసుపుకు మద్దతు ధర మీద ప్రశ్న సంక్రాంతికల్లా ఢిల్లీ చేరాలి. అందుకు డిసెంబరులోనే రైతు సంఘాలు దాన్ని కాగితం మీద పెట్టి, నిరుటి యార్డు ధరలు జతచేసి, ఎంపీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి.