తాండూరు దారిలో ఇనుప గుర్రం

వికారాబాద్ స్టేషను బయట ఆ బండిని చూడగానే నవ్వొచ్చింది. దగ్గరకెళ్లి చూశాక ఆ నవ్వు నేనే మింగేశాను. అది బుల్లెట్టేనండీ! 1974 నాటి 350. కాకపోతే హ్యాండిల్ ఎద్దు కొమ్ముల్లా పైకి లేచి ఉంది. సీటు గుర్రం జీనులాగా నడుమ లోతు, వెనక ఎత్తు. రెండు పక్కలా తోలు సంచులు, వాటికి కుచ్చులు, ఇత్తడి మేకులు. రైఫిలొక్కటే తక్కువ!

"ఎక్కన్నా, గుర్రం ఉరుకుతది" అన్నాడు తాండూరు మిత్రుడు.

ఈ గుర్రం పుట్టింది సినిమా హాల్లో. 1971 ఆగస్టు 27న 'మోసగాళ్ళకు మోసగాడు' విడుదలైంది. దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్, రచన ఆరుద్ర, కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి. అప్పటిదాకా కౌబాయ్ అంటే ఇంగ్లీషు బొమ్మల్లోనే. కృష్ణ టోపీ పెట్టి రాజస్థాన్ ఇసుకలో గుర్రాన్ని ఉరికించేసరికి మన కుర్రకారుకి వెర్రెత్తింది. మా మిత్రుడి నాన్నగారూ ఆ బాపతే. గుర్రం కొనే యోగం లేదు, మూడేళ్లకు బుల్లెట్ కొన్నారు. ఎడ్లకు మువ్వల పట్టెడలు కుట్టే పెద్దాయన చేత జీనూ సంచులూ కుట్టించారు.

ఇది తాండూరు పిచ్చి మాత్రమే అనుకోకండి. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్'లో హార్లీ బైకులెక్కిన హీరోల పేర్లు వయట్, బిల్లీ. రెండూ వెస్టర్న్ కథల వీరుల పేర్లే. ఒక రైతు తన గుర్రానికి నాడాలు కొడుతుంటే, పక్కనే వీళ్లు బైకు చక్రం బాగుచేసుకునే సీనుంది. బైకూ గుర్రమూ ఒకటేనని ఒక్క మాట లేకుండా చెప్పేశారు.

ఇక స్టార్టు చేయడమూ ఒక తంతే. ఆమీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా దించాలి, డీకంప్రెషన్ మీట నొక్కాలి, ఆ తర్వాత ఒక్క తన్ను. మర్యాద తప్పితే ఎదురు తంతుంది! గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త బైకులు నడిపే తమ్ముళ్లు దీన్నెక్కితే మొదటి మలుపులోనే దేవుడు కనిపిస్తాడు.

దేవుడంటే గుర్తొచ్చింది, ముందు వచ్చేది అనంతగిరి. అనంతపద్మనాభస్వామి కొండ. షూటింగులకు అలవాటుపడిన అడవి. హైదరాబాదులో ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది ఇక్కడేనంటే నమ్మబుద్ధి కాదు. ఘాటు మలుపుల్లో బుల్లెట్ దుడుదుడుమంటూ, కుచ్చులు గాలికెగురుతూ... ఎదురొచ్చిన ఆర్టీసీ డ్రైవరు చెయ్యి ఊపాడు. నిజం చెప్పొద్దూ, నేనే కృష్ణ అనుకున్నాను!

ధారూరు దాటాక అడవి పోయి కందిచేలు. 2022లో తాండూరు కందికి జీఐ గుర్తింపు వచ్చింది. ఇంకాస్త పోతే నాపరాళ్ల గనులు, దుమ్ము లేచే దారి, నీలం బండలు, పసుపు బండలు. ఇక్కడ కెమెరా పెడితే అరిజోనా ఎందుకండీ?

ఇంట్లో చాయ్ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. నాన్నగారు పోయారు. హైదరాబాదు నుంచి పాతబళ్లు సేకరించే ఒకాయన మంచి ధరకు అడుగుతున్నాడు. ఒకటే షరతు: జీను, కొమ్ములు, కుచ్చులు తీసేసి కంపెనీ వాళ్లిచ్చినట్టు చేసి ఇవ్వాలి.

ఆయన లెక్కా తప్పుకాదు. 2021లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషనై యాభై ఏళ్లు దాటిన బండి 'వింటేజ్'. చాసిస్‌లో, ఇంజనులో పెద్ద మార్పులుండకూడదు. ఫీజు 20 వేలు, పదేళ్ల గడువు, నంబరులో 'వీఏ' అక్షరాలు. మన గుర్రానికి చాసిస్, ఇంజను ముట్టుకోలేదు గనక అవకాశముంది. కానీ ఆ గుర్తింపు వచ్చాక రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతులు... అంతే.

"గుర్రాన్ని కొట్టంల కట్టేసి సూస్కుంట కూసుందురా?" అన్నాడు మిత్రుడు. నన్నడిగితే కలెక్టర్లకు కావలసిన అసలు బుల్లెట్లు ఊరికొకటి దొరుకుతాయి. ఇలాంటి జీను ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంతలో వాళ్లమ్మగారు అటక మీది గోనెసంచి దింపించారు. మూటవిప్పితే పాత హ్యాండిల్, పాత సీటు! నూనె పూసి, గుడ్డ చుట్టి ఉన్నాయి. నాన్నగారు ఏదీ పారేయలేదు.

"ఎన్నడన్న అడిగితె ఇయ్యుమన్నడు బిడ్డా" అందావిడ. "అమ్ముమనలే, ఇయ్యుమన్నడు. ఎవలకో చెప్పలే."

మిత్రుడు హ్యాండిల్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ గుడ్డ చుట్టాడు. హైదరాబాదు ఆయనకు ఆదివారం ఫోన్ చేస్తాడట. నా బండికి టైమవుతోంది. స్టేషన్లో దింపడానికి గుర్రం బయటకు తీశాడు. మొదటి తన్నుకే స్టార్టయింది.