అందరి తోటలో కూసునేందుకు మనకు భయమెందుకు?



మేము నలుగురం. వనపర్తి దిక్కు తండాల నుంచి ఇద్దరం, గద్వాల నుంచి ఎరుకల తమ్ముడు ఒకడు, నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల పెంట నుంచి చెంచు దోస్తు ఒకడు. హైదరాబాద్‌లో ఒకే హాస్టల్, ఒకే రూము. మా ఇండ్లలో కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు. ఈ పోస్టు పార్కుల గురించి. నవ్వకుండ్రి, చివరిదాకా చదవుండ్రి.

రూములో పది మందిమి. పరీక్షలు దగ్గరికొచ్చినయంటే ఒకరు లైటు బందు చెయ్యమంటరు, ఒకరు గట్టిగ చదువుతరు. చిక్కడపల్లి లైబ్రరీకి పోతే పొద్దున్నే కుర్చీలు నిండిపోతయి. హోటల్లో కూసుంటే గంటకొక చాయ్ తాగాలె. అందుకే పార్కుకు పోదామనుకున్నం.

మొదటిసారి పోయిన పార్కు పేరు చెప్పం. గేటు బయట చానసేపు నిలబడి చూసినం. లోపలికి పోయేటోళ్ల కాళ్లకు బూట్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మా కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో పుస్తకాల సంచి. ఆఖరుకు ధైర్యం చేసి పోతే కాపలా ఆయన ఆపి "ఎవరు మీరు? ఏం పని?" అన్నడు. మా దగ్గర జవాబు లేదు. చదువుకునేందుకు వచ్చినమని చెప్పొచ్చు కదా? చెప్పలేకపోయినం. మర్లి వచ్చినం. ఆయన గట్టిగ కూడా అనలేదు, మేమే జంకినం. మన దగ్గర చెట్టు కింద కూసున్నప్పుడు ఫారెస్టోళ్ల జీపు వస్తే మన పెద్దోళ్లు లేచి నిలబడుతరు చూడుండ్రి, అదే భయం మాకూ వచ్చింది.

తర్వాత క్లాసులో సార్ ఒక మాట చెప్పిండు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్ పాత పేరు బాగే ఆమ్. 1846లో నిజాం కాలంలో వేసిన తోట. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిది. అంటే అది అందరి తోట. ఆ ఆదివారమే పోయినం. పక్కనే అసెంబ్లీ. లోపల ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు సద్ది విప్పుకొని తింటున్నయి, పిల్లలు ఉరుకుతున్నరు. మమ్మల్ని ఎవరూ ఏం పని అని అడగలేదు. సాయంత్రం దాకా చదువుకున్నం.

అప్పటి నుంచి ఒక్కొక్కటి తిరిగినం. ఇందిరా పార్కు 76 ఎకరాలు. దాని పక్క రోడ్డే ధర్నా చౌక్. 2017లో ప్రభుత్వం అక్కడ ధర్నాలు వద్దంది, 2018లో హైకోర్టు మళ్లీ చేసుకోనిచ్చింది. కూసునే జాగ కోసం కూడా కొట్లాడాలని అక్కడ తెలిసింది.

కేబీఆర్ పార్కుకు టికెట్టు కొనుక్కొని పోయినం. 1998లో నేషనల్ పార్కు అయింది. బంజారాహిల్స్ పక్కనే ఉంటది. ఆ గుట్టల పేరే మా బంజారాల పేరు! లోపల సీతాఫలం, వేప చూసి చెంచు దోస్తు మాట పెరిగింది. ఏ ఆకు దేనికి పనికొస్తదో చెప్పుకుంట నడుస్తున్నడు. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దమనిషి ఆగి, "బాటనీ స్టూడెంటా బాబూ?" అన్నడు. "కాదు సార్, నాది నల్లమల" అన్నడు వాడు. క్లాసులో నోరు తెరవనోడు వాడు. బయటికి వచ్చినంక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నడు: "ఈడ అడవిని కాపాడి మనుషులు నడిచేందుకు బాట వేసిండ్రు. మా దగ్గర పులుల కోసమని మనుషులనే బయటికి పొమ్మంటున్నరు." మేము ఏం చెప్పాలె?

మొన్న మాలో ఒకరి యాడి కండ్లు చూపించుకునేందుకు పట్నం వచ్చింది. బస్సుకు టైముందని పబ్లిక్ గార్డెన్‌కు తీసుకపోయినం. బెంచీ చూపించి "కూసో యాడీ" అంటే, "ఏమన్న అంటరేమో బిడ్డా" అని బెంచీ పక్కన నేల మీద కూసున్నది. ఎంత చెప్పినా లేవలేదు. మేము కూడా కిందనే కూసున్నం. అక్కడనే రొట్టెలు తిన్నం. ఆమె చెట్ల దిక్కు చూసి, "ఇంత పెద్దది, ఊరికే కూసునేందుకేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ మాట మమ్మల్ని ఇడుస్తలేదు. ఎందుకంటే మన దగ్గర కూడా ఉన్నయి. 2018లో మన తండాలు ఎన్నో గ్రామ పంచాయతీలైనయి. తర్వాత 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు వచ్చినయి. మా తండా వనానికి బోర్డుంది, గేటుంది, గేటుకు తాళముంది. ఒక పక్క మొక్కలు ఎండిపోయినయి. నిజం చెప్తున్నం, మేము హైదరాబాద్ పార్కులు తిరిగినం గానీ మా తండా వనంలో ఒక్కరోజు కూసోలేదు. యాడి అయితే గేటు కూడా దాటలేదు.

వనపర్తి రాజుల ప్యాలెస్‌లో ఇయ్యాల పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ పెట్టిండ్రు. మన తాతలు లోపలికి పోలేని జాగలో మన పిల్లలు చదువుకున్నరు. ఒక వనం తాళం తీయించుడు అంతకంటే కష్టమా?

ఎండాకాలం సెలవుల్లో మేము చేసేది ఇది. సర్పంచ్‌ను, సెక్రటరీని కలిసి తాళం తీయిస్తం. ఎండిన మొక్కల జాగలో వేప, కానుగ పెడుతం. సాయంత్రం రెండు గంటలు పిల్లలను కూసోబెట్టి చదివిస్తం. ఒక బెంచీ వేయిస్తం. దాని మీద మొదలు యాడిని కూసోబెడుతం.

మీ తండాలో, మీ పెంటలో, మీ గూడెంలో వనం ఎట్లున్నదో చెప్పుండ్రి. పట్నంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, పార్కు గేటు కాడ ఎవరన్న ఏం పని అని అడిగితే జంకకుండ్రి. "కూసునేందుకు వచ్చినం" అని చెప్పుండ్రి.