లేపాక్షి బస్సు



1990లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న నాళ్లలో మా వసతి గృహపు గదిలో నలుగురం ఉండేవాళ్లం. అందరమూ హోసూరు చుట్టుపక్కల పల్లెల తెలుగువాళ్లమే. ఒక శనివారం రాత్రి ఒకడు "లేపాక్షి బసవన్నను చూసొద్దామా?" అన్నాడు. అంతే! వార్డెనుకు చెప్పకుండా (మీ పిల్లలకు ఈ మాట చెప్పకండి) తెల్లవారకముందే బెంగళూరు బస్సెక్కాం. అక్కడి నుండి హిందూపురం. చిల్లర లెక్కపెట్టుకొని రెండు ప్లేట్ల ఇడ్లీ నలుగురం పంచుకున్నాం.

బస్టాండులో, మాలో అందరికన్నా చక్కగా తెలుగు కథలు చెప్పే మిత్రుడు నా చెవిలో మెల్లగా అడిగాడు: "ఒరే, ఆ బోర్డు మీద ఏమి రాసుండాది?"

వాడు చదివింది తమిళ మాధ్యమం. తెలుగు అక్షరం రాదు. మిగతా ఇద్దరు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

వేలాడే స్తంభం కింద మేం తువ్వాలు దూర్చి ఆడుకుంటున్నంతసేపూ వాడు దూరంగా కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం టికెట్టు వెనుక తన పేరు తెలుగులో రాయించుకొని జేబులో పెట్టుకున్నాడు.

2006 నాటి చట్టంతో తమిళనాట బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. నేర్చుకోవలసిన భాషే, కాదనను. కానీ తెలుగుకు మిగిలిన చోటు ఎంతో మీకు తెలుసు.

నిరుడు వాడు మనవరాలిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అప్పటి నుండి ప్రతి ఆదివారం వస్తున్నారు. ఆ పాప ఇప్పుడు 'క్ష' దిద్దుతున్నది. పక్కనే తాత, మరో పలకతో.