కాశీమజిలీలు - మా మేనత్త

సంస్కరణాభిలాషులమైన మేము మా మట్టెవాడ యింటినుండి మొట్టమొదట వెడలగొట్టినవి కాశీమజిలీ కథలు. మాంత్రికులును, రాక్షసులును, శాపములును నిండిన గ్రంథము చదివినవారికి విజ్ఞానదృష్టి యెట్లలవడునని మా వాదము. ఆ సంపుటములను మూటగట్టి యటుకపై బెట్టితిమి.

ఒక వర్షాకాలమున మా మేనత్త కాలు విఱిగి మంచము పట్టెను. బాల్యముననే భర్తను గోల్పోయి మా యింటనే కాలము గడపిన యామెకు అక్షరములు రావు. కాశికి పోవలెనను కోరిక మాత్రము చిరకాలముగా నుండెను. ఆమెకు ప్రొద్దుపోవుటకై మేమే యా మూట విప్పి చదువ మొదలిడితిమి.

మధిర సుబ్బన్న దీక్షితకవి (1868-1928) పన్నెండు భాగములుగా విస్తరించిన యీ కథలకు సూత్రము మిక్కిలి చిన్నది. మణిసిద్ధుడను యతికి కాలినడకను కాశికి పోవుటకు తోడు దొరకదు. తుద కొక పసులకాపరి యొప్పుకొనును. కాని దారిలో తాను చూచిన వింతల కెల్ల మజిలీమజిలీకి కథ చెప్పవలెను, చెప్పనిచో వెనుదిరుగును. గురువునకు కాశి కావలెను, శిష్యునకు కథ కావలెను. ముక్తికి పోవు త్రోవలో పగ్గము పసులకాపరి చేత నున్నది! స్పెయిను దేశమున సెర్వాంటిసు 1605లో వెలువరించిన డాన్ క్విక్సోట్ నవలలోని సాంకో పాంజా యును ఇట్టి తోడే. యజమానికి రాక్షసులుగా దోచినవి వానికి గాలిమరలుగానే కనబడును. అద్భుతము ప్రక్కన నవ్వు నడచుచున్నంతకాలము చదువరి మూఢుడు గాడని మాకు మెల్లగా బోధపడినది.

ప్రతి సాయంకాలమును అత్త, "ఆ పోరడు ఇయ్యాల ఏమడిగిండు బిడ్డా?" అని మమ్ము పిలుచుచుండెను. ఒకనాడు పనిమీద హనుమకొండకు పోయి ప్రొద్దుపోయి వచ్చితిమి. ఆమె దీపము ముందు పుస్తకము తెఱచి, అక్షరములపై వ్రేలుంచి కూర్చుండి యుండెను.

"నువ్వు రాని దినం నా కథ ఆగిపోవాల్నా? నాకు నేర్పు" అనెను.

స్త్రీవిద్యను గూర్చి యామె యెదుట మే మెన్ని యుపన్యాసము లిచ్చితిమో! అవి చేయజాలని పనిని పసులకాపరి చేసెను. ఆఱు నెలలకు ఆమె కూడబలుకుకొని చదువజొచ్చెను. కాశిని చూడకయే, మూడవ భాగము నడుమ కన్నుమూసెను. ఆమె గుర్తుగా నుంచిన తాటాకుముక్క యా పుటలో నేటికి నున్నది.

ఆ సంపుటములు మఱల నటుక యెక్కలేదు. చదువరులును తమ యిండ్ల యటుకల నొకసారి వెదకి చూతురు గాక.